కుక్క ఆపరేషన్ కుట్లమీద జైలోకైన్ రాయొచ్చా? రాస్తే పుండు మానదంటున్నారు, నిజమేనా?

బరంపురం బుల్లి | శుక్రవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మాది బరంపురం, గేట్ బజార్ దగ్గర. మా చిట్టికి బుధవారం పొద్దున్న పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. వీధికుక్కే, పిల్లప్పుడు వానలో దొరికింది, ఇప్పుడు 12 కిలోలుంది. పొట్ట మధ్యలో గాటు, పైకి నల్లదారం కుట్లు కనపడుతున్నాయి. నిన్నంతా మగతగా పడుకుంది. ఈరోజు గంజన్నం తింది, బయటికి కూడా వెళ్లొచ్చింది. కానీ పడుకుని లేచేటప్పుడు కుయ్‌మంటోంది, తల వంచి కుట్లు నాకబోతోంది.

ఇంట్లో పంచాయితీ ఇదీ. మా మావయ్యగారు తన దగ్గరున్న జైలోకైన్ ఆయింట్‌మెంటు, అదే రాసినచోట మొద్దుబార్చే మందు, రాయమంటారు. "నా మొలలకి పనిచేసింది, దానికి చెయ్యదా?" అని ఆయన వాదన. అత్తయ్యగారేమో మత్తుమందు తగిలితే పుండు మానదు, కుట్లు ఊడిపోతాయి అంటారు. మరి డాక్టరుగారు కుట్టేముందు గాటులో మత్తుమందు పోశానని స్వయంగా చెప్పారే! అది మంచిదైతే ఇది చెడ్డదెలా అవుతుంది? ఆయన సంబల్‌పూర్ పెళ్లికి వెళ్లారు, ఫోన్ కలవడం లేదు. ఇంకా ఏమీ రాయలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

పలాస జీడిపప్పు | శుక్రవారం, రాత్రి 9:58

మావయ్యగారి ట్యూబు మావయ్యగారికే ఉంచండమ్మా. నేను డాక్టర్ని కాను గానీ, కుక్క నాకకుండా ఊరుకుంటుందా? మా టైగరుగాడి కాలికి ఏది రాసినా క్షణంలో శుభ్రం చేసేస్తాడు. మెడకి గరాటులాంటి కోన్ కట్టారా లేదా?

బరంపురం బుల్లి | శుక్రవారం, రాత్రి 10:03

కట్టాం. గోడలకి కొట్టుకుంటోంది, పాపం అని మావయ్యగారే తీసేశారు.

షాపు కౌంటర్ | శుక్రవారం, రాత్రి 10:31

ఛత్రపురంలో మందుల షాపు మాది. పశువులకని చెప్పి జైలోకైన్ అడిగేవాళ్లు వారానికి ఒకరైనా వస్తారు, అందుకని రాస్తున్నాను. అందులో ఉండేది లిగ్నోకైన్. అదే మందు ఆయింట్‌మెంటుగా 5 శాతం, జెల్లీగా 2 శాతం, ఇంకా స్ప్రే, ఇంజక్షన్ సీసా. జనానికి అన్నీ ఒకటే. కానీ 5 శాతం అంటే గ్రాముకి 50 మిల్లీగ్రాములు. 30 గ్రాముల ట్యూబు మొత్తంలో 1500 మిల్లీగ్రాములు ఉన్నట్టు. 12 కిలోల కుక్క ట్యూబు కొరికేస్తే పరిస్థితి ఏమిటో డాక్టర్లు చెప్పాలి.

ఇంకో మాట. మొలల మందు అన్నారు కదా, ఆ ట్యూబుమీద చిన్నక్షరాలు చదవండి. మొలలకీ చీలికలకీ అమ్మే వాటిలో లిగ్నోకైన్ ఒక్కటే ఉన్నవి తక్కువ. కొన్నిట్లో స్టెరాయిడ్ కలుపుతారు, కొన్నిట్లో నిఫెడిపిన్ కలుపుతారు. నిఫెడిపిన్ బీపీకి వాడే మందే. కుక్క నాకితే ఏమవుతుందో ఆలోచించండి. స్టెరాయిడ్ అయితే పుండు మానడాన్ని నిజంగానే వెనక్కి లాగుతుంది. ఆ లెక్కన అత్తయ్యగారి మాట కొట్టిపారేయడానికి లేదు.

బరంపురం బుల్లి | శుక్రవారం, రాత్రి 10:44

చూశానండీ. లిగ్నోకైన్‌తోపాటు హైడ్రోకార్టిజోన్ అని ఉంది, మీరన్న స్టెరాయిడే. ట్యూబు బీరువాలో పెట్టేశాను.

మహేంద్రతనయ గట్టు | శుక్రవారం, రాత్రి 11:15

పర్లాకిమిడిలో డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్తాను. ఆయింట్‌మెంటు సంగతి తేలిపోయింది, బాగుంది. నా సందేహం దానికంటే ముందుది. అసలు డాక్టరు గాటులో మందు పోయడం ఎంతవరకు సబబు? పుండు మానాలంటే ఫైబ్రోబ్లాస్టులు, అంటే కొత్త కణజాలం అల్లే కణాలు రావాలి, కొల్లాజెన్ అనే ప్రోటీను పోగులు నేయాలి. లిగ్నోకైన్, అదే జాతి మత్తుమందు బ్యుపివకైన్ రెండూ ప్రయోగశాలలో ఫైబ్రోబ్లాస్టులని చంపుతాయి, బతికినవాటి విభజనని మందగింపజేస్తాయి. గాఢత పెరిగేకొద్దీ, సమయం పెరిగేకొద్దీ నష్టం ఎక్కువ. తెల్లరక్తకణాలు సూక్ష్మజీవులని మింగే పనిని కూడా ఇవి నెమ్మదింపజేస్తాయి. మొదటి రోజుల్లో వాపు, ఎరుపు అనేవి శరీరం కావాలని చేసుకునే పని. దాన్ని మందుతో అణిచేస్తే మానడం ఆలస్యం కాదా? అత్తయ్యగారు ఈ పదాలు వాడలేదు గానీ, ఆవిడ అన్నది ఇదే.

కత్తెర-దారం | శనివారం, ఉదయం 6:20

రాయగడలో ఆవు, మేక, కుక్క ఏది వస్తే అది చూసే డాక్టరమ్మని. పొద్దున్నే డిస్పెన్సరీ తెరిచేలోపు రాసేస్తాను, కొంచెం పొడుగవుతుంది.

బుల్లిగారూ, మీ డాక్టరుగారు చేసింది మంచి పని. మీ మావయ్యగారు చేయబోయింది అక్కర్లేని పని. మందు ఒకటే కావచ్చు, చోటూ సమయమూ వేరు.

గాటు పెట్టినప్పుడు చర్మం, కింద కొవ్వు, పొట్ట మధ్యగీత పొర అన్నీ తెగుతాయి. నొప్పి తెలిపే నరాల చివర్లు అక్కడ తెరుచుకుని ఉంటాయి. మూసేముందు మందు పోస్తే నేరుగా వాటికే అందుతుంది. నరంలోకి సోడియం వెళ్లే దారులు మూసుకుపోతాయి, ఇక నొప్పి కబురు వెన్నుపాముకి చేరదు. లిగ్నోకైన్ నిమిషాల్లో పట్టి గంటా రెండు గంటల్లో దిగిపోతుంది. బ్యుపివకైన్ పట్టడానికి పది ఇరవై నిమిషాలు తీసుకున్నా నాలుగు నుంచి ఎనిమిది గంటలు నిలుస్తుంది, అందుకని కుట్టేముందు మేం ఎక్కువగా వాడేది అదే. కుక్క మత్తు దిగి లేచే మొదటి గంటలే అన్నిటికంటే కష్టమైనవి. ఆ గంటలు గడిపించడం దాని పని. ప్రపంచ చిన్నజంతువుల పశువైద్య సంఘం నొప్పి గురించి 2014లో ఇచ్చి 2022లో సవరించిన మార్గదర్శకాల్లో కూడా ఆడకుక్క ఆపరేషన్‌కి గాటు దగ్గరా, పొట్టలోపలా ఈ మందులు వాడమనే ఉంది.

ఇక ఈరోజు సంగతి. అంచులు కలిపి కుట్టిన గాటుమీద ఒకటి రెండు రోజుల్లోనే కొత్త చర్మకణాలు పాకి పైపొర మూసుకుంటుంది. పైన రాసింది పైనే ఉండిపోతుంది. చిట్టి లేచేటప్పుడు కుయ్‌మనేది చర్మం నొప్పివల్ల కాదు, కింద పొట్టగోడకి వేసిన కుట్లవల్ల. అక్కడికి ట్యూబు మందు దిగదు. చర్మంలోకి ఇంకాలనే ప్రత్యేకంగా తయారుచేసిన లిగ్నోకైన్-ప్రిలోకైన్ క్రీము ఉంది, రెండూ 2.5 శాతం చొప్పున. దాన్ని రాసి, పైన ప్లాస్టిక్ కప్పి, దాదాపు గంట ఉంచితే సెలైన్ సూది గుచ్చడానికి సరిపడా మొద్దుబారుతుంది, అంతే. మామూలు ఆయింట్‌మెంటు వల్ల మిగిలేది జిడ్డు. దానికి దుమ్ము అంటుకుంటుంది, కుట్ల చుట్టూ చర్మం నానుతుంది, ఆ వాసనకి కుక్క ఇంకా ఎక్కువ నాకుతుంది.

షాపు కౌంటర్ గారు అడిగినది: సూదితో ఇచ్చేటప్పుడు కుక్కకి కిలోకి 4 నుంచి 6 మిల్లీగ్రాములు దాటనివ్వం. చిట్టికి ఎంత పెంచినా 72 మిల్లీగ్రాములే, అంటే 5 శాతం ఆయింట్‌మెంటు గ్రామున్నర. నోటితో వెళ్లినదాన్ని కాలేయం చాలావరకు విరిచేస్తుంది, నిజమే. కానీ నోటిపొరలోంచి నేరుగా రక్తంలోకి పోయేది కొంత ఉంటుంది, ట్యూబుని కొరికి మింగితే లెక్కే మారిపోతుంది. ముందు చొంగ, వాంతి, తూలడం. తర్వాత వణుకు, ఫిట్స్. అలా కనపడితే ఇంటి వైద్యం వద్దు, బండెక్కించి తీసుకురండి, ట్యూబు కూడా పట్టుకురండి.

మాస్టారూ, మీ ప్రశ్నకి మధ్యాహ్నం రాస్తాను. గేటు దగ్గర అప్పుడే రెండు ఆవులు వచ్చాయి.

పలాస జీడిపప్పు | శనివారం, ఉదయం 7:05

డాక్టరమ్మా, మరి నాకితే పుండు మానుతుందని మా తాత అనేవాడు. కుక్క నాలుకలో మందుందట!

కత్తెర-దారం | శనివారం, మధ్యాహ్నం 2:10

తాతగారికి నా నమస్కారాలు. కుక్క ఉమ్మిలో సూక్ష్మజీవులని కాస్త అడ్డుకునే పదార్థాలు ఉన్న మాట నిజం. ఆ ఉమ్మిలోనే పాశ్చురెల్లా వంటి సూక్ష్మజీవులు ఉన్న మాటా నిజం. పైగా కుక్క నాలుక గరుకు, ముందుపళ్లు చురుకు. రాత్రికి రాత్రి కుట్లన్నీ పీకేసి పేగులు బయటపడ్డ కుక్కలు మా టేబులు మీదికి వస్తాయి. కోన్ మళ్లీ కట్టండి బుల్లిగారూ, ఈ సాయంత్రమే.

మాస్టారూ, ఇప్పుడు మీకు. మీరు రాసిన ప్రయోగశాల మాట తప్పు కాదు. కానీ గాజుపళ్లెంలో కణాలు అదే గాఢతలో గంటలకొద్దీ నానుతాయి, మందు పోయే దారి ఉండదు. ఒంట్లో అయితే పోసిన నిమిషంనుంచే రక్తం దాన్ని తోడేస్తూ ఉంటుంది, గాటులో ఊరే ద్రవం పలచన చేస్తూ ఉంటుంది. ఇంకో విషయం జువాలజీ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఫైబ్రోబ్లాస్టులు గాటులోకి గుంపుగా దిగేది మూడో రోజునుంచి అయిదో రోజులోపు. మొదటి రోజు పోసిన బ్యుపివకైన్ ఆ రాత్రికే పోయింది. ఈ రెండిటికీ ముఖాముఖి జరిగేది ఎక్కడ? అక్కడున్న పాత కణాలు కొన్ని దెబ్బతింటాయి, కాదనను. కత్తి కూడా కొన్నిటిని చంపుతుంది.

రెండో పక్క కూడా చూడాలి. నొప్పితో ఉన్న జంతువు ఒంట్లో కార్టిజాల్ అనే ఒత్తిడి హార్మోను పెరుగుతుంది, చర్మానికి వెళ్లే రక్తం తగ్గుతుంది. తిండి తినదు, నిద్రపోదు, గాటుని వదలదు. ఇవన్నీ మానడాన్ని ఆలస్యం చేసేవే. అందుకే మందు వల్ల కణాలకి జరిగే కొద్దిపాటి నష్టం, నొప్పి వల్ల మొత్తం జంతువుకి జరిగే నష్టం పక్కపక్కన పెట్టి తూస్తే నా చెయ్యి మందువైపే వెళ్తుంది. అయితే ఒక్కసారి, సరైన మోతాదులో. రోజూ పూయడానికి ఈ వాదన వర్తించదు. నాలుగో రోజు, అయిదో రోజు తెరిచి ఉన్న పుండులో పదేపదే లిగ్నోకైన్ నింపితే అప్పుడు మీ గాజుపళ్లెం పరిస్థితి కొంతవరకు నిజమవుతుంది.

మహేంద్రతనయ గట్టు | శనివారం, సాయంత్రం 5:40

మూడో రోజు లెక్క నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ పూర్తిగా వదలను. కీళ్ల మాటేమిటి? మనుషులకి భుజం ఆపరేషన్ తర్వాత పంపుతో రోజులకొద్దీ బ్యుపివకైన్ ఎక్కిస్తే మృదులాస్థి కరిగిపోయిన ఉదంతాలున్నాయి కదా.

కత్తెర-దారం | శనివారం, రాత్రి 8:30

ఉన్నాయి, అందుకే కీలులోపలికి మేం ఆచితూచి ఇస్తాం. మృదులాస్థికి రక్తనాళాలు లేవు, తోడేసేవాడు లేడు. చర్మం గాటు అలాంటి చోటు కాదు. ఎక్కువ గంటలు పనిచెయ్యాలనుకుంటే పదేపదే పోయడం కంటే మందునే నెమ్మదిగా విడుదలయ్యేలా చేయడం మేలని ఒక దారి పట్టారు. కొవ్వుబుడగల్లో చుట్టిన బ్యుపివకైన్‌ని అమెరికాలో 2016లో కుక్కల మోకాలి లిగమెంటు ఆపరేషన్‌కి అనుమతించారు, మూసేటప్పుడు పొరపొరకీ ఎక్కిస్తారు, 72 గంటలదాకా పనిచేస్తుంది. మన రాయగడ బల్లమీదికి అలాంటివి రావు, మామూలు సీసాతోనే మా బతుకు.

కుక్కల విషయంలో నాకు నిజంగా భయం వేసే తప్పులు వేరే. బ్యుపివకైన్ పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే గుండె ఆగిపోవచ్చు, అందుకే సూది గుచ్చాక ముందు వెనక్కి లాగి రక్తం రాలేదని చూసుకుంటాం. దాని హద్దు కిలోకి 2 మిల్లీగ్రాములు. రక్తనాళాలని బిగించే ఎడ్రినలిన్ కలిపిన లిగ్నోకైన్‌ని చెవికొస, తోకకొస, వేళ్ల దగ్గర వాడం. రక్తం సరిపోక అక్కడి చర్మం మానడం ఆలస్యం కావచ్చు. బెంజొకైన్ ఉన్న గొంతు స్ప్రేలు, దురద క్రీములు కుక్కకీ పిల్లికీ దగ్గరకి రానివ్వకండి. రక్తం ఆక్సిజన్ మోసే శక్తి పోగొట్టుకుంటుంది, చిగుళ్లు మట్టిరంగు తిరుగుతాయి. పిల్లులకి ఇంకా ప్రమాదం.

ప్రాణహిత శీను | శనివారం, రాత్రి 9:12

అక్కా నమస్తే. మాది సిరోంచ, గడ్చిరోలి జిల్లా. పత్తి చేనుకాడ కావలి ఉండే మా కుక్కను నిన్న రాత్రి అడవిపంది కోరతోని చీరింది. తొడమీద జానెడు, తోలు లేచి లోపల కండ కనవడుతున్నది. ఇంకా పక్కటెముకల కాడ చిన్న బొక్క ఉన్నది, నెత్తురు ఆగింది. మా ఊరి ఆర్‌ఎంపీ జెల్లీ వెట్టి నేనే కుట్లేస్త అంటుండు. మీరు పైన చెప్పినట్టు తెరిచిన గాయంల మందు మంచిగ పనిచేస్తది కదా? ఏం జేయాలె?

కత్తెర-దారం | శనివారం, రాత్రి 9:25

తమ్ముడూ, కుట్లు వేయనివ్వకు. ముందు ఆ చిన్న బొక్క సంగతి చెప్పు. ఊపిరి వేగంగా తీస్తోందా? గాలి లోపలికీ బయటికీ పోతున్న చప్పుడుందా? చిగుళ్లు ఎర్రగా ఉన్నాయా, తెల్లబడ్డాయా?

ప్రాణహిత శీను | శనివారం, రాత్రి 9:41

చప్పుడు లేదక్కా. చిగుళ్లు ఎర్రగనే ఉన్నయి. నీళ్లు తాగింది.

కత్తెర-దారం | శనివారం, రాత్రి 10:05

అయితే తెల్లారేదాకా టైముంది, అంతకుమించి లేదు. పంది కోర గాయంలో పైకి కనపడే బొక్క చిన్నది, లోపల తోలుకీ కండకీ మధ్య సంచీలా పెద్ద ఖాళీ ఉంటుంది. మట్టి, వెంట్రుకలు, పంది నోటి మురికి అంతా అందులోనే. దాన్ని మొద్దుబార్చి పైన కుట్టేస్తే నాలుగు రోజుల్లో చీము డబ్బా అవుతుంది. అలాంటి గాయం కడిగి, చచ్చిన కండ కత్తిరించి, అవసరమైతే గొట్టం పెట్టి మూయాలి. కొన్నిసార్లు ఆ రోజు మూయకుండా తర్వాత మూస్తాం. పూర్తి మత్తులో జరగాల్సిన పని అది. ఎముకల దగ్గర బొక్క ఛాతీలోకి దిగిందేమో కూడా చూడాలి.

జెల్లీ గురించి నువ్వడిగింది మంచి ప్రశ్న. తెరిచిన గాయంలో అడ్డుచర్మం లేదు కాబట్టి మందు నిజంగానే పడుతుంది. ఆస్ట్రేలియాలో గొర్రెపిల్లల తోకవెనక తోలు కోసే పనికి ట్రై-సాల్ఫెన్ అని ఒక ద్రావణం వాడతారు. లిగ్నోకైన్, బ్యుపివకైన్, ఎడ్రినలిన్, క్రిములని చంపే సెట్రిమైడ్ నాలుగూ కలిపి పచ్చిగాయం మీద కొట్టేస్తారు. నొప్పి తగ్గుతుంది, నెత్తురు కారడం తగ్గుతుంది. కానీ అది అప్పుడే కోసిన శుభ్రమైన గాటు. పచ్చికండలోంచి మందు రక్తంలోకి కూడా అంతే వేగంగా దిగుతుంది, జానెడు గాయంలో ట్యూబు పిండితే మోతాదు ఎప్పుడు దాటిందో తెలియదు. ఇక చీము పట్టాక అదే మందు సరిగా పనిచేయదు. చీముపట్టిన చోట ఆమ్లం ఎక్కువ. లిగ్నోకైన్ అక్కడ నరం గోడ దాటలేని రూపంలోకి మారిపోతుంది. గడ్డ కోసేటప్పుడు సూదేసినా మనుషులు కూడా అరిచేది అందుకే.

ఈ రాత్రికి చేయాల్సింది: లీటరు నీళ్లు మరిగించి చల్లార్చి 9 గ్రాముల ఉప్పు కలుపు. పెద్ద సిరంజితో తొడ గాయాన్ని ధారగా కడుగు, లీటరంతా పట్టించు. పక్కటెముకల బొక్కలోకి మాత్రం నీళ్లు కొట్టకు. ఉతికిన గుడ్డ తడిపి కప్పి కట్టు. మూతికి గుడ్డ కట్టకుండా దగ్గరికి పోకు, నొప్పిలో ఉన్న కుక్క యజమానిని కూడా కరుస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ వద్దు. నురగ చూసి శుభ్రమవుతోందనుకుంటారు, మాస్టారు చెప్పిన ఫైబ్రోబ్లాస్టులని అది మత్తుమందుకంటే ఘోరంగా చంపుతుంది. ఫినాయిలు, కిరసనాయిలు, టర్పెంటైను, సున్నం, బ్యాటరీ పొడి – ఇవేవీ వద్దు. తెల్లారి అహేరి పోతావో, గోదావరి వంతెన దాటి ఇవతలికొస్తావో నీకే తెలుసు, పశువుల డాక్టరు ఉన్న చోటికి పో. రేబిస్ టీకా కాగితం ఉంటే పట్టుకుపో.

ప్రాణహిత శీను | శనివారం, రాత్రి 10:20

పసుపు వెట్టొచ్చా అక్కా? అమ్మ అడుగుతున్నది.

కత్తెర-దారం | శనివారం, రాత్రి 10:24

ఈరోజు వద్దు తమ్ముడూ. పొడి లోపల గడ్డకట్టి కూచుంటే రేపు గీకి తీయాల్సొస్తుంది. అమ్మకి చెప్పు, డాక్టరమ్మకి పసుపుతో పగేమీ లేదని.

చిలికా గాలి | ఆదివారం, ఉదయం 8:15

రంభలో ఉంటాం. వీధికుక్కల సంతాన నియంత్రణ శిబిరాల్లో పట్టడం, మొయ్యడం, తిరిగి వదలడం చేసే గుంపులో నేనొకణ్ని. 2023 నిబంధనల ప్రకారం పట్టిన వీధిలోనే వదలాలి కదా, వదిలాక ఆ కుక్క మళ్లీ మన చేతికి చిక్కదు. దానికి మాత్ర ఎవరు వేస్తారు, కోన్ ఎవరు కడతారు? అందుకే గాటులో పోసే మందు గురించి డాక్టరుగారు రాసింది నాకు బాగా తగిలింది. మా డాక్టర్లు కొందరు, పైన అజమాయిషీ చేసేవాళ్ల తొందరవల్ల, ఆ మెట్టు దాటేస్తుంటారు. "ఒక్కో కుక్కకి ఇంకో పది నిమిషాలా" అని. పైకి కనపడని కరిగే కుట్లు వేసినచోట కుక్కలు నాకడం తక్కువగా ఉండటం నేను గమనించాను. ఇది సైన్సు కాదు, చూపు మాత్రమే.

కత్తెర-దారం | ఆదివారం, ఉదయం 9:00

పది నిమిషాలు కాదండీ. సిరంజిలో ముందే తీసిపెట్టుకుంటే పోయడానికి క్షణం, అది పట్టేలోపు పైపొరలు కుడుతూ ఉంటాం. కత్తి పెట్టకముందే గీసే గీత వెంబడి గుచ్చితే ఇంకా మంచిది, లోపల మత్తు గ్యాసో, ఇంజక్షనో కూడా తక్కువ పడుతుంది. మగకుక్కకి వృషణంలోకే లిగ్నోకైన్ ఇస్తాం, వృషణాన్ని పట్టి ఉండే తాడు లాగినప్పుడు గుండె వేగం ఎగరదు. ఖర్చు టీ డబ్బులంత. కనపడని కుట్ల గురించి మీ చూపు సరైనదే. పైకి దారపు కొసలు లేకపోతే కుక్కని గుచ్చేదేమీ లేదు, తీయడానికి మళ్లీ పట్టుకోనక్కర్లేదు.

గుణుపురం మేకలు | ఆదివారం, ఉదయం 11:30

డాక్టరుబాబూ, కాదు, డాక్టరమ్మా. కుక్కల మధ్యలో మేకలేటి అనుకోకండి. పోతుపిల్లలకి విత్తులు నొక్కించేటప్పుడు ఈ మందు ఏస్తే మంచిదేనా? మా వూళ్లో ఎవలూ ఎయ్యరు. పిల్లలు ఆ రోజల్లా పాలు తాగవు, నడవవు.

కత్తెర-దారం | ఆదివారం, మధ్యాహ్నం 1:45

మంచిదే, వేయించండి, కానీ మీరు వెయ్యకండి. మేకపిల్ల నాలుగైదు కిలోలుంటుంది, 2 శాతం సీసాలో మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములు. ఒక్క మిల్లీలీటరుతోనే హద్దుకి దగ్గరపడతాం. మేం సెలైన్‌తో సగానికి పలచన చేసి కొలిచి ఇస్తాం. దీనిమీద వేరే చర్చ పెట్టండి, చాలామందికి పనికొస్తుంది.

బరంపురం బుల్లి | సోమవారం, ఉదయం 7:50

కోన్ కట్టే ఉంచాం. లేవడంలో కుయ్‌మనడం బాగా తగ్గింది. కానీ కుట్ల కింద కోడిగుడ్డంత వాపు వచ్చింది, మెత్తగా ఉంది. అత్తయ్యగారు "చూశావా, ఆ డాక్టరు పోసిన మందే" అంటున్నారు. నిన్న మంచంమీంచి రెండుసార్లు దూకింది, అదీ చెప్పాలి. మావయ్యగారు తన మోకాళ్ల మాత్ర ముక్క వేస్తే నొప్పి పోతుంది అంటున్నారు, డైక్లోఫెనాక్.

కత్తెర-దారం | సోమవారం, ఉదయం 8:05

డైక్లోఫెనాక్ ముక్క కాదు, పొడి కూడా వద్దు! కుక్క పేగుల్లో పుళ్లు పడతాయి, మూత్రపిండాలు పోతాయి. ఐబుప్రోఫెన్ కూడా అంతే. రాబందులు అంతరించే స్థితికి రావడానికి కారణమైందని పశువులకి డైక్లోఫెనాక్‌ని 2006లోనే ఆపేశారు. మా దగ్గర మెలాక్సికామ్ అనే నొప్పిమందు వాడతాం, దానికీ లెక్కుంది: మొదటి రోజు కిలోకి 0.2 మిల్లీగ్రాములు, తర్వాత 0.1. చిట్టికి రోజుకి 1.2 మిల్లీగ్రాములు. మనుషుల మాత్ర 7.5 లేదా 15 మిల్లీగ్రాములు. ముక్కలు చేసి ఊహమీద వేసే వస్తువు కాదు. మీ డాక్టరుగారు రాసిచ్చిన చీటీలో ఏదో ఒకటి ఉండే ఉంటుంది, అదే వెయ్యండి.

వాపు గురించి. ముట్టుకుంటే వేడిగా ఉందా? ఎర్రగా ఉందా? ఏమైనా కారుతోందా? వేలితో నెమ్మదిగా నొక్కితే లోపలికి వెళ్లిపోతోందా? తింటోందా?

బరంపురం బుల్లి | సోమవారం, ఉదయం 8:22

వేడి లేదు, ఎరుపు లేదు, కారడం లేదు. నొక్కితే నీళ్లసంచీలా కదులుతోంది, లోపలికి పోవడం లేదు. పొద్దున్న రెండు ఇడ్లీలు తింది.

కత్తెర-దారం | సోమవారం, ఉదయం 8:40

చర్మం కింద ఖాళీలో ఊట నిలిచినట్టుంది. గంతులేసే కుక్కల్లో మూడో రోజునుంచి వారంలోపు తరచు వస్తుంది. పొరలు ఒకదానిమీద ఒకటి జరగడంవల్ల వచ్చేది, బుధవారం ఆవిరైపోయిన మందుకీ దీనికీ చుట్టరికం లేదు. సూదితో తీయించకండి, గుచ్చినప్పుడల్లా సూక్ష్మజీవులకి దారి ఇస్తాం. గొలుసుతో కట్టి ఉంచండి, మంచం ఎక్కనివ్వకండి. చాలావరకు దానంతటదే ఇంకిపోతుంది. అయితే పొట్టగోడ కుట్టు వదిలి లోపలి కొవ్వు జారినా ఇలాగే మెత్తగా ఉంటుంది, ఫోటో చూసి తేల్చేది కాదు. అందుకని చేత్తో చూడాలి. వేడెక్కినా, చీము కనపడినా, వాంతులైనా రేపటిదాకా ఆగకండి, ఊళ్లో ఇంకో డాక్టరు దగ్గరకి వెళ్లండి. కుట్లు పదో రోజు నుంచి పద్నాలుగో రోజులోపు తీస్తారు. తీసేనాటికి కూడా గాటుకి మామూలు చర్మం బలంలో కొద్ది భాగమే ఉంటుంది, కాబట్టి తీసిన రోజే పరుగులు పెట్టించకండి.

ప్రాణహిత శీను | సోమవారం, మధ్యాహ్నం 12:30

అక్కా, నిన్న తీస్కపోయినం. మత్తిచ్చి కడిగిండ్రు, చిన్న బొక్క లోపలికి దిగలేదట. తొడకు గొట్టం వెట్టి సగం కుట్టిండ్రు. డాక్టరు గూడ కుట్టేటప్పుడు లోపల మందు వోసిండు, నేను అడిగి తెలుసుకున్న.

మహేంద్రతనయ గట్టు | సోమవారం, మధ్యాహ్నం 1:10

ఏ మందు, ఎంత పోశారో కూడా అడిగావా శీనూ?

ప్రాణహిత శీను | సోమవారం, మధ్యాహ్నం 1:18

గంతదూరం అడగలె సార్. కుక్కను పట్టుకునుడే అయింది నాకు.

బరంపురం బుల్లి | సోమవారం, సాయంత్రం 6:45

డాక్టరుగారు ఫోన్ ఎత్తారు. రేపు పొద్దున్న పదింటికి తీసుకురమ్మన్నారు. చీటీలో ఉన్నది మెలాక్సికామ్ చుక్కల మందేనట, మేం జ్వరం మందనుకుని పక్కన పెట్టాం. ఈ రాత్రి తిండి పెట్టాక వేయమన్నారు.